పిసినారి అనకుండా పిసినారిని అనడం ఎలా?

మీ నాటికలో డబ్బు దగ్గర బిగుసుకుపోయే పెద్దాయన ఒకరున్నారు. భార్య, కొడుకు, పాత స్నేహితుడు, ఇంట్లో అద్దెకున్న కుర్రాడు, అందరూ ఆయన్ని "పిసినారి" అనే అంటున్నారు. నాలుగో పేజీకే మీకు విసుగొచ్చింది. పిసినారి, పీనాసి, లోభి, కంజూస్ ఒకటేనా, ఇంకేం మాటలున్నాయి, ఎవరి నోట ఏది పెడితే అతుకుతుంది అని అడిగారు. నేను ఇరవై ఏళ్లకు పైగా డబ్బింగ్ మాటలు రాస్తున్నాను. ఏ భాష సినిమా వచ్చినా అందులో ఒక పిసినారి మామో, పిసినారి ఓనరో తగులుతూనే ఉంటాడు. ఈ మాటలతో నాకు పాత పేచీ ఉంది కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను.

ఆ పేచీ ఏమిటో ముందు చెప్పాలి. కొత్తల్లో ఒక సీన్ వచ్చింది. ఒక ముసలాయన తన అన్నగారి గురించి చెబుతుంటాడు, కెమెరా సరిగ్గా ఆయన నోటి మీదే ఉంటుంది. నేను "పరమ పిసినారి" అని రాసిచ్చాను. డబ్బింగ్ ఆర్టిస్టు అయిదు టేకులు చెప్పాడు, ఒక్కటీ కూర్చోలేదు. కారణం చిన్నదే. ప, ఫ, బ, భ, మ పలికితే పెదవులు మూతపడతాయి. తెర మీద ఆయన నోరు తెరిచే ఉంది. సరే, "పీనాసి" అందామంటే అదీ 'పీ'. "లోభి" అందామంటే 'భి'. పెదవులు కలవని మాట ఒక్క "కంజూస్" మాత్రమే దొరికింది, కానీ పంచె కట్టుకున్న ఆ పల్లెటూరి పెద్దాయన నోట అది అస్సలు నప్పలేదు. ఇంజనీరు గడియారం చూసుకుంటున్నాడు, నాకు టెన్షన్. అప్పుడా ఆర్టిస్టే, తన పాటికి తాను గొణుక్కుంటున్నట్టు, "గట్టిదండీ చెయ్యి" అన్నాడు. అతికినట్టు కూర్చుంది. అంతకంటే ముఖ్యం, సీను బాగుపడింది. అన్నగారిని తిట్టకుండానే తిట్టాడు. పిసినారి అన్న మాట తప్పించుకుంటేనే తెలుగు బాగా పలుకుతుందని ఆ రోజు అర్థమైంది.

ఇక అసలు సంగతికి వస్తాను. మన భాష పిసినారితనాన్ని డబ్బుతో కంటే తిండితో ఎక్కువ కొలుస్తుంది. 'పెట్టు' అనే క్రియ ఎన్ని పనులు చేస్తుందో చూడండి. అన్నం పెట్టడం, పెట్టే చెయ్యి, పెట్టి పుట్టడం, పెట్టుపోతలు. "అడగందే అమ్మైనా పెట్టదు" అంటే అక్కడ ఏం పెట్టడమో విడిగా చెప్పక్కర్లేదు. అందుకే ఒకడి గురించి "వాడు ఎవరికీ పెట్టే రకం కాదు" అన్నామంటే తీర్పు చెప్పేసినట్టే. డబ్బు మాట ఎత్తనే లేదు. మీ నాటికలో పెద్దాయన ఎంత కూడబెట్టాడో చెప్పే డైలాగులు తగ్గించి, ఎవరికి ఏం పెట్టలేదో చెప్పే డైలాగులు పెంచి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

ఈ కొలతలో శిఖరం "ఎంగిలి చేత్తో కాకిని కూడా తోలడు". అందరూ వాడతారు గానీ ఎప్పుడైనా దాన్ని బొమ్మగా చూశారా? ఒకాయన అన్నం తింటున్నాడు. కాకి వచ్చి దగ్గర్లో వాలింది. మామూలు మనిషైతే తింటున్న చెయ్యే ఊపి "హుష్" అంటాడు. ఈయన ఆగుతాడు. చేతికి నాలుగు మెతుకులు అంటుకుని ఉన్నాయి. ఊపితే రాలతాయి. రాలితే కాకి తింటుంది. అందుకని ఎడం చేత్తో తోలతాడు, లేదా నోటితో అరుస్తాడు, ఏదీ కాకపోతే కాకినే చూస్తూ కూర్చుంటాడు. ఒక లెక్క, ఒక భయం, ఒక నిగ్రహం, అన్నీ ఒక్క వాక్యంలో ఉన్నాయి. పైగా మనం పితృదేవతలతో ముడిపెట్టి పిలిచి మరీ పిండం పెట్టే పక్షి కాకి. దానికే నాలుగు మెతుకులు రాలనివ్వనివాడు ఇంకెవరికి పెడతాడు? తోలడు, అదిలించడు, విదల్చడు, ఏ క్రియతోనైనా వాడతారు. నా చెవికి "విదల్చడు" బాగుంటుంది, అందులో చెయ్యి ఊపడం కనిపిస్తుంది.

"పిల్లికి కూడా బిచ్చం పెట్టడు" దీని జోడీ. నిజం చెప్పాలంటే ఇది నాకు కొంచెం వింతగా తోస్తుంది. పిల్లి బిచ్చమడగదు, ఎవరూ చూడకుండా వచ్చి తనకు కావలసింది తానే తీసుకుంటుంది. అయినా మాట నిలబడింది. బహుశా ఆ వింతే దాని బలం. ఎక్కువగా విని విని అరిగిపోయింది కాబట్టి నాటికలో వాడితే కొంచెం మెలిపెట్టి వాడండి. "ఈ ఇంటికి పిల్లి కూడా అన్నం తినే వస్తుందండీ" అని పక్కింటావిడ అంటే చాలు, అసలు సామెత ప్రేక్షకుడే నింపుకుంటాడు.

తిండి తర్వాత చెయ్యి. ఇచ్చేవాడి చేతికి ఎముక ఉండదు. "ఆయన చేతికి ఎముక లేదండీ" అంటే ధారాళంగా ఇచ్చేవాడని. మరి పిసినారి చేతికి "ఎముక ఉంది" అనం. "చెయ్యి గట్టి" అంటాం, "పిడికిలి విప్పడు" అంటాం. ఈ గట్టితనం మొహమాటం ఉన్నవాళ్ల మాట. ఎదుటివాళ్లని నొప్పించకుండా సంగతి చేరవేయాలంటే ఇంతకు మించిన పద్ధతి లేదు. "మనిషి మంచివాడే, చెయ్యే కొంచెం గట్టి." మొదటి సగం మర్యాద, రెండో సగం నిజం.

క్రియల దగ్గర ఇంకా మజా ఉంది. "వంద ఇచ్చాడు" అంటే ఏమీ లేదు, ఇచ్చాడు, అయిపోయింది. "వంద రాల్చాడు" అంటే చెట్టు ఊపితే కాయ రాలినట్టు, మీరు బాగా ఊపాక పడిందని. "వంద విదిల్చాడు" అంటే అది వేరే కథ. ఇచ్చాడు గానీ తడి చెయ్యి దులుపుకున్నట్టు ఇచ్చాడు, పుచ్చుకున్నవాడికి అవమానం. "వంద కక్కాడు" అంటే అది అసలు వాడిది కాదు, తిన్నది బయటికి రప్పించారు. "వంద పిండాను" అంటే శ్రమ అంతా చెప్పేవాడిది. పిసినారి తన వైపు నుంచి చెబితే "వంద వదిలింది" అంటాడు. దెయ్యం వదిలింది, పీడ వదిలింది, జ్వరం వదిలింది అంటాం కదా, వాటికన్నింటికీ సంతోషిస్తాం. డబ్బు వదిలితే మాత్రం అదే క్రియలో ఏడుపు వినిపిస్తుంది. ఇంకా "చేతి చమురు వదిలింది", "జేబుకి చిల్లు పడింది", "జేబుకి క్షవరం అయింది" ఉండనే ఉన్నాయి. మీ పెద్దాయన్ని ఎవరూ పిసినారి అనకపోయినా ఫరవాలేదు. ఆయన తన నోటితో ఒక్కసారి కూడా "ఇచ్చాను" అనకుండా, ప్రతిసారీ "వదిలింది" అనేలా రాయండి. రెండో సీనుకల్లా మనిషి పట్టుబడిపోతాడు.

ఇప్పుడు మీరడిగిన నాలుగు మాటలు.

పిసినారి నడిమి మాట. ఇంట్లో, వీధిలో, పుస్తకంలో, పిల్లల కథలో, అన్నిచోట్లా చెల్లుతుంది. తిట్టే గానీ నవ్వుతూ తిట్టొచ్చు. ఆడా మగా ఇద్దరికీ అదే మాట. కోపం కలిస్తే పిసినారోడు, వెటకారం కలిస్తే పిసినారాయన. "పిసినిగొట్టు" కూడా అదే గానీ అందులో ఒక దెబ్బ వినిపిస్తుంది. 'గొట్టు' మీద నొక్కి పలికితే పెద్దతరం నోట భలే ఉంటుంది. కుర్రాళ్లు అంటే మాత్రం పాఠ్యపుస్తకంలోంచి చదివినట్టు ఉంటుంది.

పీనాసి అర్థం అదే, వేడి ఎక్కువ. దీన్ని నవ్వుతూ అనడం కష్టం. "పిసినారి" అన్నప్పుడు వాడి డబ్బు కనిపిస్తుంది, "పీనాసి" అన్నప్పుడు వాడి మొహం కనిపిస్తుంది. అందుకే దీని వెనక తిట్లు సులువుగా వచ్చి అతుక్కుంటాయి, "పీనాసి వెధవ" మొదలుకుని. ఇది నా చెవి తీర్పు, మీ ఊళ్లో ఈ రెండూ సమానంగానే వాడతారేమో, మీ పాత్రల ఊరు చూసుకోండి.

లోభి రాతలో ఎక్కువ, మాటలో తక్కువ. కామ క్రోధ లోభ మోహ మద మాత్సర్యాల్లో మూడోది కదా, దానికి పౌరాణిక వాసన పోదు. ధాతువును బట్టి చూస్తే లోభం అంటే ఆశ, ఇంకా కావాలనుకోవడం. ఇవ్వకపోవడం తర్వాత వచ్చి చేరిన అర్థం. అదే ధాతువు నుంచి వచ్చిన లుబ్ధుడు అన్నా పిసినారే. లుబ్ధకుడు అంటే మాత్రం వేటగాడు. ఆకాశంలో మృగశిర పక్కన మెరిసే చుక్కకు లుబ్ధకం అని పేరు అందుకే వచ్చింది. గురజాడ 1897లో అచ్చువేసిన కన్యాశుల్కంలో ముసలి వయసులో పెళ్లికి సిద్ధమైన పాత్రకు లుబ్ధావధాన్లు అని పేరు పెట్టాడు. ఆ పేరుతోనే సగం పాత్రను రాసేశాడు. మీరు కూడా పెద్దాయనకి పేరు పెట్టేటప్పుడు కాసేపు ఆలోచించండి, కాకపోతే అంత సూటిగా వద్దు, ఇప్పటి ప్రేక్షకులకు అది పాతబడిన ఎత్తు. ఏ దానయ్యో, ధర్మారావో అని పెడితే చాలు.

కృపణుడు అన్న మాట మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. కృపకీ దానికీ చుట్టరికం ఉంది. అసలు అర్థం జాలిపడదగినవాడు, దీనుడు అని. గీత రెండో అధ్యాయంలో అర్జునుడు తనకు పట్టిందని చెప్పుకున్న కార్పణ్యం డబ్బు బిగింపు కాదు, దైన్యం. పిసినారిని చూసి కోపగించుకోకుండా జాలిపడిన మాట ఇదొక్కటే. మీ నాటికలో సంస్కృతం మాస్టారు లాంటి పాత్ర ఉంటే తప్ప వాడే చోటు రాదు. వాడినా ఎదుటివాడు "ఆ?" అనాలి.

కంజూస్ ఉర్దూ, హిందీల మీదుగా వచ్చింది. తెలంగాణలో ఇంటింటి మాట, సినిమాల పుణ్యమా అని ఇప్పుడు అన్నిచోట్లా కుర్రాళ్ల నోట వినిపిస్తోంది. దీంట్లో కరుకుదనం తక్కువ. స్నేహితుణ్ణి మొహం మీదే "కంజూస్‌గా" అని పిలిచి, వాడి టీయే తాగొచ్చు. ఇంకో మెట్టు పైకి వెళ్లి మఖ్ఖీచూస్ అనేవాళ్లూ ఉన్నారు. నేతిలో ఈగ పడితే, దాన్ని పారేసే ముందు దానికంటిన నెయ్యి చప్పరించేవాడని ఆ మాటకు కథ చెబుతారు. చూశారా, ఆ భాషలోనూ కొలత మళ్లీ తిండి దగ్గరికే వచ్చింది.

నాణేల సంగతి. పైసా రాల్చడు, దమ్మిడీ విదల్చడు, చిల్లిగవ్వ ఇవ్వడు, కాణీ తియ్యడు. ఇవన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి గానీ కొంచెం తేడా ఉంది. "చిల్లిగవ్వ" ఎక్కువగా లేమికి వాడతాం, "చేతిలో చిల్లిగవ్వ లేదు" అని. గవ్వలు నాణేలుగా చెల్లిన రోజుల మాట అది. "దమ్మిడీ" ఇవ్వకపోవడానికీ, ఆదాయం లేకపోవడానికీ బాగా పలుకుతుంది. పాత లెక్కలో రూపాయికి 16 అణాలు, అణాకు 4 కాణీలు, దమ్మిడీ కాణీకంటే చిన్నది. 1943 నుంచి 1947 దాకా మధ్యలో బెజ్జం ఉన్న కాణీలు వేశారు, చిల్లుకాణీ అన్న మాటను నిజంగానే చేతిలో పట్టుకుని చూసిన తరం ఒకటుంది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాక అణాలు, కాణీలు లెక్కల్లోంచి పోయాయి. పావలా కూడా 2011 జూన్ 30 నుంచి చెల్లకుండా పోయింది. చెల్లని నాణేలన్నీ తిట్లలో మాత్రం హాయిగా చెల్లుతున్నాయి. మీ పెద్దాయన వయసు డెబ్బై దాటితే దమ్మిడీ, అణా ఆయన నోట పెట్టండి. అద్దెకున్న కుర్రాడు మాత్రం "రూపాయి రాల్చడు" అనాలి. ఆ కుర్రాడు "దమ్మిడీ" అంటే అది మీ గొంతు, వాడిది కాదు.

ఇంకో చోట చాలామంది రాసేవాళ్లు జారిపోతారు. పిసినారితనం వేరు, కక్కుర్తి వేరు. పిసినారి తనది వదలడు. కక్కుర్తిగాడు ఎదుటివాడిది చిన్నదైనా వదలడు. ఖాళీ సీసా, పెళ్లిలో మిగిలిన పూలదండ, ఫ్రీగా పంచే పెన్ను, ఏదైనా సరే. "ఫ్రీగా వస్తే ఫినాయిల్ కూడా తాగుతాడు" అన్నది కక్కుర్తి మీద మాట, పిసినారి మీద కాదు. "శవాల మీద పేలాలు ఏరుకు తినే రకం" ఇంకా అవతలి ఒడ్డు, అక్కడికి వెళ్తే నవ్వు రాదు. పంగనామాలు, టోపీ, శఠగోపం ఇవన్నీ మోసానికి. పిసినారితనం, కక్కుర్తి రెండూ కలిసిన మనిషి ఉండొచ్చు గానీ, మీ పెద్దాయన ఎవరో ముందు తేల్చుకోండి. తనకు తాను కూడా పెట్టుకోని పిసినారి మీద ప్రేక్షకుడికి చివర్లో ఎంతో కొంత జాలి పుడుతుంది. కక్కుర్తిగాడి మీద పుట్టదు.

"తాను తినడు, ఇంకొకరిని తిననివ్వడు" అనే రకానికి గడ్డివాము దగ్గర కుక్క ఉంది. కూడబెట్టి అనుభవించనివాణ్ణి "లంకెబిందెల మీద పాములా కూర్చున్నాడు" అంటారు. వేమన ఇంకా మెత్తటి పోలిక తెచ్చాడు. దాచి దాచి తినని ధనం, తేనెటీగ కూర్చి దారిన పోయేవాడికి ఇచ్చినట్టే అవుతుందన్నాడు. ఆయనే మరోచోట, లోభిని చంపాలంటే మందు అక్కర్లేదు, పైకం అడిగితే చాలు, భగ్గున పడి చస్తాడన్నాడు. ఇప్పటి సినిమా పంచ్ డైలాగులు దీని ముందు దిగదుడుపు. "దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు" అన్న మాట పరాయి సొమ్ము దగ్గర పిసినారితనానికి, ఆఫీసు సీన్లలో బాగా పనికొస్తుంది. మీకు దాంతో పని లేదనుకుంటాను.

సినిమాల నుంచి వచ్చి మాటల్లో స్థిరపడినవి రెండున్నాయి. 1987లో జంధ్యాల తీసిన అహ నా పెళ్ళంటలో కోట శ్రీనివాసరావు వేసిన లక్ష్మీపతి, కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ అన్నం తింటాడు. ఆ తర్వాత ఎవరింట్లో కూర తగ్గినా "కోడిని వేలాడదీద్దామా" అంటే చాలు, అందరికీ అర్థమవుతుంది. 2001లో వచ్చిన బడ్జెట్ పద్మనాభం పేరైతే ఏకంగా బిరుదైపోయింది. లెక్కరాసి ఖర్చుపెట్టే ప్రతివాడూ ఏదో ఒక రోజు బడ్జెట్ పద్మనాభమే. అయితే ఇందులో తిట్టు దాదాపు లేదు, జీతం సరిపోక జాగ్రత్తపడేవాణ్ణి కూడా సరదాగా అనేస్తారు. మీ నాటికలో వీటిని వాడాలా అంటే, ఒకసారికి మించి వద్దు. వేరేవాళ్లు పుట్టించిన నవ్వు అది, మీ ఖాతాలో పడదు.

కుర్రాళ్ల మాట త్వరగా పాతబడుతుంది, అది గుర్తుంచుకోండి. ఫోన్ చేస్తే డబ్బులయ్యే రోజుల్లో "మిస్డ్ కాల్ గాడు" అంటే ఎంత చురుగ్గా ఉండేదో! ఇప్పుడు పదిహేనేళ్ల పిల్లాడికి అదేంటో విడమరచి చెప్పాలి. ఇప్పుడు "బిల్లు రాగానే వీడి ఫోన్‌కి సిగ్నల్ పోతుంది" అంటే నవ్వుతారు, ఇంకో పదేళ్లకి నవ్వుతారో లేదో. "చీప్‌గాడు" అనేది ఒకటుంది గానీ అది డబ్బు దాటి బుద్ధి మీదకు వెళ్లిపోతుంది, జాగ్రత్త.

తిట్లు అయ్యాయి, ఇక మర్యాదలు. పెళ్లి సంబంధాలు మాట్లాడేవాళ్ల భాష ఎప్పుడైనా విన్నారా? అక్కడ పిసినారి అనే జాతే ఉండదు. "అబ్బాయి జాగ్రత్తపరుడు." "ముందుచూపు ఉన్నవాడు." "ఆచి తూచి ఖర్చు పెడతాడు." "దుబారా తెలీదు." వినేవాళ్లు తలలూపుతారు, లోపల తర్జుమా చేసుకుంటారు. నిజంగా పొదుపరి అయినవాడికీ ఇవే మాటలు వాడతారు కాబట్టి, ఏది ఏదో గొంతును బట్టి పట్టుకోవాలి. "జాగ్రత్తపరుడు" అన్నాక ఒక్క క్షణం ఆగితే పొదుపరి కాదని. స్టేజీ మీద ఆ ఆగడాన్ని బ్రాకెట్‌లో రాయండి, నటుడి మీద వదిలేయొద్దు.

పొగిడినట్టు తిట్టడం ఇంకో దారి. "వచ్చారండీ దానకర్ణులు." "ఎంత ధర్మప్రభువో, చూడు." పదిమందిలో ఇది పీనాసి కంటే ఎక్కువ గుచ్చుకుంటుంది, ఎందుకంటే ఎదురు తిరగడానికి చోటుండదు. తిట్టలేదుగా మరి!

ఇప్పుడు మీ పాత్రల దగ్గరికి. పెద్దాయన భార్య "పిసినారి" అన్న మాట అనకూడదని నా పట్టు. నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషికి ఆ మాట ఎప్పుడో అరిగిపోయి ఉంటుంది. ఆవిడ "ఆయన సంగతి తెలుసుగా" అని ఆపేయాలి, లేదా "మహానుభావుడు" అని నిట్టూర్చాలి. కొడుకు మాటలో కోపం ఉంటుంది, పీనాసి వాడికివ్వండి, అదీ ఒక్కసారే, తండ్రి వినేచోట కాదు. అద్దె కుర్రాడికి కంజూస్, వాడి స్నేహితుల ముందు మాత్రమే. ఆయన ముందుకొస్తే "అంకుల్ కొంచెం లెక్క మనిషి" అంటాడు. పాత స్నేహితుడొక్కడే మొహం మీద అనగలడు. "ఒరేయ్, నువ్వు ఎంగిలి చేత్తో కాకిని కూడా విదల్చవురా" అని నవ్వుతూ అనే హక్కు ఆయనకే ఉంది. ఆ మాట అన్నాక కూడా ఆయనకి కాఫీ రాకూడదు.

పెద్దాయన తన గురించి తాను ఏమనుకుంటాడన్నది మీరు అడగలేదు, అడగాల్సింది. ఏ పిసినారీ తనను పిసినారి అనుకోడు. "డబ్బులు చెట్లకి కాస్తున్నాయా?" అంటాడు. ఒక నగల దుకాణం ప్రకటన పుణ్యమా అని ఇప్పుడు "డబ్బులు ఊరికే రావు" అన్న మాట కూడా అందరి నోటా ఉంది, కానీ మీ పెద్దాయన దాన్ని ముప్పై ఏళ్ల ముందునుంచే అంటున్నట్టు రాయండి. ఇంటికి చుట్టం వస్తే గుమ్మంలోనే, ఎంతో ఆప్యాయంగా, "భోంచేసి వచ్చారా, వెళ్లి చేస్తారా?" అని అడగాలి. పాత జోకే, నాకు తెలుసు. జోకులా కాకుండా నిజమైన మర్యాదతో అడిగించండి, ఆయన గొంతులో ఎక్కడా వెటకారం ఉండకూడదు. అప్పుడది ఆయన మాటైపోతుంది.

ఒక జాగ్రత్త. ఆడపాత్రను అనేటప్పుడు పిసినారి, పీనాసి పక్కన మామూలుగా వచ్చి చేరే తిట్లు చాలా నీచంగా ఉంటాయి. ఇళ్లలో అంటారు కదా అని స్టేజీ మీదకు తేవొద్దు, సీను డబ్బు నుంచి జారి ఎక్కడికో పోతుంది. "చెయ్యి గట్టి" అనేదానికి ఆడా మగా లేదు, దాన్నే వాడుకోండి.

మరి పిసినారి అన్న అసలు మాట నాటికలో ఎక్కడా వద్దా అంటే, ఒకచోట ఉంచండి. మీ నాటికలో చిన్నపిల్ల ఉందో లేదో తెలీదు. లేకపోతే అద్దె కుర్రాడి కూతుర్నో, మనవరాలినో తెచ్చుకోండి. చివర్లో ఆ పిల్ల పెద్దాయన ఒళ్లో కూర్చుని, "తాతయ్యా, పిసినారి అంటే ఏంటి?" అని అడగాలి. ఆయన ఏం జవాబు చెబుతాడో నేను రాసివ్వను, అది మీరే చూసుకోవాలి. కానీ జవాబు చెప్పే ముందు జేబులో చెయ్యి పెట్టాలి.